చెల్లికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ అన్నారు: ఏ థెరపీకి నిజంగా రుజువు ఉంది?

#1 వానచినుకు

నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా చెల్లికి 26 ఏళ్లు. మొదట డిప్రెషన్ అన్నారు. ఏడాది తర్వాత ఇంకో డాక్టర్ బైపోలార్ అని మందులు మార్చారు. ఇప్పుడు మూడో డాక్టర్ బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని రాశారు. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే చాలు, తనను వదిలేశారనే నిర్ణయానికి వచ్చేస్తుంది. పొద్దున దేవుడిలా కనిపించిన మనిషి సాయంత్రానికి శత్రువు. తనకు తాను హాని చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ప్రస్తుతానికి క్షేమంగానే ఉంది.

థెరపీ మొదలుపెట్టాలి. ఒకరు డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఉద్వేగాలను తట్టుకునే నైపుణ్యాలు నేర్పేది) అంటారు, ఒకరు స్కీమా థెరపీ (చిన్నప్పటి నుంచి పాతుకుపోయిన ఆలోచనా ధోరణులను మార్చేది) అంటారు. ఇంకొకాయన, పేరున్న పెద్దాయనే, చెల్లి పక్కన ఉండగానే "ఇది స్వభావం బాబూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనేశారు. ఆ రోజు తిరిగొచ్చే దారిలో చెల్లి ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు ఓదార్పు వద్దు. పరిశోధనలు ఏం చెబుతున్నాయో కావాలి. ఏ థెరపీకి రుజువు ఉంది? ఆ సామెత నిజమేనా?

#2 సందేహాల_పుట్ట

ఆ పెద్దాయన మాట పక్కన పెట్టండి. కానీ థెరపీ వాళ్ల మాటలనూ అంతే అనుమానంగా చూడండి. ప్రతి థెరపీకీ ఒక గురువు, ఒక పుస్తకం, ఒక ట్రైనింగ్ కోర్సు, దానికో ఫీజు. తమ థెరపీని తామే పరీక్షించుకుని తామే మార్కులు వేసుకుంటారు.

అసలు ఆ పేరే గందరగోళం. తొమ్మిది లక్షణాల్లో ఏ ఐదు ఉన్నా బోర్డర్‌లైన్ అంటారు. అంటే ఒకే పేరు తగిలించిన ఇద్దరికి ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండొచ్చు. లెక్క వేసి చూసుకోండి.

#3 రీసెర్చ్_పురుగు

సామెత సంగతి ముందు తేల్చేద్దాం. దానికి జవాబు ఉంది.

అమెరికాలో మెక్‌లీన్ హాస్పిటల్ దగ్గర మేరీ జనారిని బృందం 1992లో ఒక ఓపికైన పని మొదలుపెట్టింది. ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా ఉన్న 290 మంది బోర్డర్‌లైన్ పేషెంట్లను ఎంచుకుని, రెండేళ్లకోసారి వాళ్లను కలుస్తూ వచ్చారు. ఎలా ఉన్నారు, ఉద్యోగం ఉందా, ఎవరితో ఉంటున్నారు, అన్నీ అడిగేవాళ్లు. పదేళ్లు తిరిగేసరికి 93 శాతం మందికి కనీసం రెండేళ్ల పాటు ఆ డయాగ్నసిస్‌కు సరిపడా లక్షణాలు లేకుండా పోయాయి. చాలామంది పుడకల దాకా ఆగలేదు.

ఓదార్పు వద్దన్నారు కాబట్టి మిగతా సగం కూడా చెబుతాను. లక్షణాలు తగ్గడం ఒకటి, బతుకు గాడిన పడటం ఇంకొకటి. లక్షణాలు తగ్గి, పూర్తిస్థాయి చదువో ఉద్యోగమో సాగి, ఒక మంచి బంధమూ ఉంటేనే "కోలుకున్నట్టు" అని వాళ్లు లెక్కేశారు. ఆ గీత దాటినవాళ్లు పదేళ్లలో 50 శాతమే. లక్షణాలు తగ్గినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి అవి మళ్లీ తిరిగొచ్చాయి.

ఇంకో సంగతి. తనకు తాను హాని చేసుకోవడం లాంటివి తొందరగా తగ్గుతాయి. కోపం, లోపల బోలుగా ఉన్నట్టు అనిపించడం, వదిలేస్తారన్న భయం మొండికేస్తాయి. బయటివాళ్లకు "బాగైపోయింది కదా" అనిపించే రోజుల్లో మీ చెల్లికి అలా అనిపించకపోతే అది నాటకం కాదు. క్రమం అదే.

#4 రాత్రి_డ్యూటీ

సైకియాట్రీలో ఉన్నాను. డయాగ్నసిస్ మూడుసార్లు మారిందని కంగారు పడకండి, చాలామందికి జరిగేదే. బైపోలార్‌లో మూడ్ రోజుల తరబడి, వారాల తరబడి ఒక పక్కనే ఉంటుంది. బోర్డర్‌లైన్‌లో గంటల్లో తిరగబడుతుంది, సాధారణంగా మనుషుల మధ్య జరిగిన ఏదో ఒక చిన్న విషయం మీద. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు.

సందేహాల_పుట్ట గారి లెక్క కరెక్టే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ 11లో (జబ్బుల వర్గీకరణ పట్టిక) పాత రకాల పేర్లన్నీ తీసేసి, తీవ్రత ఎంత అన్నదే ముందు చూడమంది: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. బోర్డర్‌లైన్‌ను మాత్రం ఒక అదనపు గుర్తుగా ఉంచారు. దాని మీద పనిచేసే థెరపీలు ఉన్నాయి, పేరు తీసేస్తే జనానికి అవి అందకుండా పోతాయేమోనన్న బెంగ దానికి ఒక కారణం.

#5 రీసెర్చ్_పురుగు

ఇప్పుడు థెరపీలు. కాస్త పొడుగవుతుంది.

డీబీటీని సియాటిల్‌లో మార్షా లైనహన్ తయారుచేశారు. 1991లో మొదటి పరీక్ష. ఏడాది పాటు డీబీటీ తీసుకున్న మహిళల్లో స్వీయహాని తగ్గింది, థెరపీ మధ్యలో మానేసినవాళ్లూ తక్కువ. అప్పట్లో విమర్శ ఏమిటంటే, పోల్చింది మామూలు వైద్యంతో కదా, శ్రద్ధగా చూస్తే ఎవరైనా బాగుపడతారు అని. దానికి 2006లో ఇంకో పరీక్ష చేశారు. ఈసారి పోటీకి పెట్టింది, కష్టమైన పేషెంట్లను బాగా చూస్తారని పేరున్న థెరపిస్టులను. అయినా డీబీటీ వైపు ఆత్మహత్యా ప్రయత్నాలు సుమారు సగమే.

అయితే 2009లో టొరంటోలో షెల్లీ మెక్‌మెయిన్ బృందం 180 మందితో చేసిన పరీక్షలో కథ మలుపు తిరిగింది. ఒక పక్క డీబీటీ, ఇంకో పక్క జాన్ గండర్సన్ పద్ధతి మీద ఆధారపడిన జనరల్ సైకియాట్రిక్ మేనేజ్‌మెంట్. వారానికోసారి కూర్చుని, పేషెంటుకు జబ్బు గురించి వివరంగా చెప్పి, పని మీద, బంధాల మీద దృష్టి పెట్టించే సాదా పద్ధతి అది. ఏడాది తర్వాత రెండు గుంపులూ బాగుపడ్డాయి, దాదాపు సమానంగా.

లండన్‌లో బేట్‌మన్, ఫోనగీల ఎంబీటీ (అవతలివాళ్ల మనసులో ఏముందో, మన మనసులో ఏముందో తీరిగ్గా ఊహించడం నేర్పే థెరపీ) కూడా ఇలాగే. 2009 పరీక్షలో 134 మంది. ఎంబీటీ వాళ్లు తొందరగా తేరుకున్నారు, కానీ దానికి పోటీగా పెట్టిన పద్ధతిప్రకారం చూసే వైద్యంలోనూ జనం బాగుపడ్డారు.

స్కీమా థెరపీకి నెదర్లాండ్స్‌లో 2006 పరీక్ష ఉంది, మూడేళ్లు నడిచింది. అందులో స్కీమా ముందుంది, టీఎఫ్‌పీ (ట్రాన్స్‌ఫరెన్స్ ఫోకస్డ్ సైకోథెరపీ, పేషెంటుకూ థెరపిస్టుకూ మధ్య నడిచే బంధాన్నే పరిశీలించే థెరపీ) వెనకబడింది. మరుసటి ఏడాదే, 2007లో, టీఎఫ్‌పీ తయారుచేసినవాళ్లే 90 మందితో చేసిన ఇంకో పరీక్షలో టీఎఫ్‌పీ డీబీటీకి దీటుగా నిలబడింది. ఎవరి ఇంట్లో ఆడితే వాళ్లు గెలుస్తున్నారు కదా అని మా సీనియర్ నవ్వేవారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

#6 నాలుగో_మెట్టు

నాకు ఈ డయాగ్నసిస్ వచ్చి ఐదేళ్లు, డీబీటీ మొదలుపెట్టి మూడేళ్లు. అంకెలు మీరంతా చెప్పారు, గదిలో ఏం జరుగుతుందో నేను చెబుతాను.

నాకు ఒక డైరీ కార్డు ఇచ్చారు. రోజుకో గడి. బాధ ఎంత, సిగ్గు ఎంత, కోపం ఎంత, సున్నా నుంచి ఐదు దాకా. హాని చేసుకోవాలనిపించిందా, ఎంత గట్టిగా. ఆ రోజు ఏ నైపుణ్యం వాడావు. మొదట నాకు ఇది స్కూల్ హోంవర్క్‌లా చిరాకేసింది.

ఒకసారి ఒక బుధవారం గడిలో కోపం ఐదు, సిగ్గు ఐదు. థెరపిస్ట్ ఆ సాయంత్రాన్ని గొలుసులా విప్పారు. "ఏం జరిగింది?" స్నేహితురాలికి 6:40కి మెసేజ్ పెట్టాను, చూసింది, జవాబివ్వలేదు. "దానికి ముందు?" ముందు రాత్రి మూడు గంటలే నిద్ర. "పొద్దున్నుంచి ఏం తిన్నారు?" ఏమీ లేదు. "మెసేజ్ చూసిందని తెలియగానే ఒంట్లో ఎక్కడ తెలిసింది?" గొంతులో ముద్ద. "ఏం అనుకున్నారు?" నేను తనకి బరువైపోయానని. "ఆ తర్వాత?" వరసగా పదకొండు మెసేజ్‌లు పెట్టాను, ఒకదానికన్నా ఒకటి ఘోరంగా. బోర్డు మీద ఒక్కో కొక్కెం గీస్తూ పోయారు, ఇరవై దాటాయి. నా లెక్కలో అప్పటిదాకా ఉన్నవి రెండే: తను జవాబివ్వలేదు, నేను పేలిపోయాను. మధ్యలో ఇన్ని చోట్ల ఆగే వీలుందని నాకెవ్వరూ చెప్పలేదు.

తర్వాత వారం అలాంటిదే జరిగినప్పుడు బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి ముఖం ముంచాను. ముఖానికి చల్లదనం తగిలితే గుండె వేగం తగ్గే రిఫ్లెక్స్ ఒకటి ఉందట. అవమానంగా అనిపించింది, ఇంత పెద్ద బాధకు ఇంత చిన్న చిట్కానా అని. కానీ ఆ పది నిమిషాలు గడిచాయి. నాకు కావలసింది ఆ పది నిమిషాలే.

#7 రాత్రి_డ్యూటీ

ఆ నీళ్ల పద్ధతి గుండె జబ్బు ఉన్నవాళ్లు, తిండి మానేసే జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా చేయకూడదు. మిగతాదంతా సరే.

#8 పాతకుర్చీ

థెరపిస్టుని, పదిహేడేళ్లుగా ఇదే పని. ఒక మాట దగ్గర ఆగుతాను. ఈ థెరపీల గురించి చెప్పేటప్పుడు "భావోద్వేగ నియంత్రణ" అని మా రంగంలో అందరం రాస్తాం. ఆ "నియంత్రణ" నాకు ఇబ్బందే. వినగానే మన వాళ్లకు తోచేది అణచుకోవడం. "కంట్రోల్ చేసుకో" అన్న మాట ఈ పేషెంట్లు పుట్టినప్పటి నుంచీ వింటున్నారు.

అణచుకోవడం పనిచేయదని ప్రయోగాల్లో కనిపించింది కూడా. జేమ్స్ గ్రాస్ 1998లో జనానికి అసహ్యం పుట్టించే సినిమా ముక్కలు చూపించి, కొందరిని ముఖంలో ఏమీ కనిపించనివ్వొద్దన్నారు, కొందరిని వేరే దృష్టితో చూడమన్నారు. ముఖం బిగబట్టినవాళ్ల ముఖంలో ఏమీ కనిపించలేదు, నిజమే. కానీ లోపల అసహ్యం తగ్గలేదు, శరీరంలో ఒత్తిడి మాత్రం పెరిగింది. వేరే దృష్టితో చూసినవాళ్లకు అసహ్యమే తగ్గింది.

అందుకే నేను పేషెంట్లతో "కుదుటపడటం" అంటాను. మనసు కుదుటపడిందా అని అడిగితే ఎవరూ తప్పుపట్టినట్టు అనుకోరు. గ్రాట్జ్, రోమర్ 2004లో తయారుచేసిన 36 ప్రశ్నల కొలమానం కూడా దాదాపు ఇదే అడుగుతుంది: ఏం అనిపిస్తోందో తెలుస్తోందా, దాన్ని ఒప్పుకోగలుగుతున్నావా, బాధలో ఉండగా చేయాల్సిన పని చేయగలుగుతున్నావా. బాధ లేకుండా పోయిందా అన్నది అందులో ప్రశ్న కాదు.

#9 సందేహాల_పుట్ట

మాట బాగుంది. ఇక నా గోల నేను చెబుతాను.

2017లో క్రిస్టియా బృందం 33 పరీక్షలను కలిపి లెక్క కట్టింది. థెరపీల ప్రభావం ఉంది, కానీ చిన్నది. నచ్చిన ఫలితాలే అచ్చుకెక్కే జబ్బునూ, పరీక్షల లోపాలనూ కలుపుకుంటే ఇంకా చిన్నదవుతుంది. థెరపీ అయిపోయాక కొన్నాళ్లకు చూస్తే నిలకడా అనుమానమే. 2020లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కూడగట్టి తేల్చే సంస్థ) సమీక్షలో 75 పరీక్షలు, 4,500 మందికి పైగా మనుషులు. అక్కడా ఫలితం ఒక మోస్తరే, పైగా చాలా అంశాల్లో ఆధారాలు బలహీనమని వాళ్లే రాశారు. రీసెర్చ్_పురుగు గారు పోటీల్లో గెలిచినవాళ్ల ఫోటోలే పెట్టారు.

#10 రీసెర్చ్_పురుగు

ఒప్పుకుంటున్నాను, ఆ రెండూ నేనే ముందు చెప్పాల్సింది.

కానీ "చిన్నది" అన్నది దేనితో పోల్చి అన్నది చూడాలి. పోటీగా పెట్టిన మామూలు వైద్యమే ఇప్పుడు ముప్పై ఏళ్ల కిందటి మామూలు వైద్యం కాదు. టొరంటో పరీక్షలో తేడా కనిపించలేదంటే డీబీటీ పనిచేయలేదని కాదు, అవతలిదీ పనిచేసింది.

నన్ను ఎక్కువ కుదిపింది వేరే. అదే టొరంటో పేషెంట్లను తర్వాత మళ్లీ చూస్తే స్వీయహాని తగ్గినవాళ్లు తగ్గినట్టే ఉన్నారు, కానీ సగం మందికి పైగా చదువూ లేదు, ఉద్యోగమూ లేదు. ఇందాకటి జనారిని అంకెల్లో కనిపించిన ఖాళీ ఇదే. మన థెరపీలు చావు నుంచి తప్పించడంలో దిట్ట, బతుకు కట్టుకోవడంలో ఇంకా అప్రెంటిస్‌లే.

#11 వానచినుకు

చదివిందే మూడుసార్లు చదివాను. అయితే ఏ థెరపీ అయినా ఒకటేనా? ఏది దొరికితే దాంట్లో చేర్చేయమంటారా?

ఇంకో అనుమానం. చెల్లి ఎక్కువగా స్పందిస్తుందా, లేక మనకన్నా నిజంగానే ఎక్కువ బాధ పడుతుందా? ఇంట్లో రోజూ ఇదే గొడవ. నాన్న "అతి చేస్తుంది" అంటారు.

#12 రీసెర్చ్_పురుగు

రెండోది ముందు. లైనహన్ సిద్ధాంతం మూడు మాటలు చెబుతుంది: తొందరగా తగులుతుంది, గట్టిగా తగులుతుంది, తగ్గడానికి చాలాసేపు పడుతుంది. ల్యాబ్‌లో చూస్తే రెండోది అంత సులభంగా దొరకలేదు. 2009లో కువో, లైనహన్ కలిసి చేసిన ప్రయోగంలో, బోర్డర్‌లైన్ ఉన్నవాళ్లు సినిమా ముక్క చూసి మిగతావాళ్లకన్నా ఎక్కువ ఎగరలేదు. అసలు మొదలే ఎత్తులో ఉన్నారు. ఏమీ జరగకముందే వాళ్ల శరీరం అలజడిగా ఉంది. సొంత సిద్ధాంతానికి అడ్డొచ్చే ఫలితాన్ని ఆవిడే అచ్చువేయడం నాకు నచ్చిన విషయం.

మీ నాన్నగారికి ఇలా చెప్పొచ్చు: అంచుల దాకా నిండిన బిందెలో ఒక చెంబు పోస్తే పొర్లుతుంది. సగం ఖాళీ ఉన్న బిందెకు అదే చెంబు లెక్క కాదు. పొర్లినప్పుడు అందరూ చెంబునే చూస్తారు.

#13 పాతకుర్చీ

మొదటి ప్రశ్నకు నేను. "ఏదైనా ఒకటే" కాదు. "పద్ధతి ఉన్నది ఏదైనా" అంటాను. పైన పరీక్షల్లో పనిచేసిన వాటన్నింటిలో ఉమ్మడిగా ఉన్నవి చూడండి. ఈ జబ్బు ఎలా పనిచేస్తుందో థెరపిస్ట్ దగ్గర ఒక స్పష్టమైన ఊహ ఉంటుంది, దాన్ని పేషెంటుతో పంచుకుంటారు. గడువు ముందే చెబుతారు. ప్రాణాపాయం వస్తే ఏం చేయాలో మొదటి వారాల్లోనే రాసుకుంటారు. థెరపిస్ట్ ఒంటరిగా ఉండరు. డీబీటీలో వారం వారం థెరపిస్టులంతా కూర్చుని ఒకరినొకరు సరిదిద్దుకునే మీటింగ్ చికిత్సలో భాగమే. ఇది ఎందుకంటే, మేమూ మనుషులమే. ఈ పేషెంట్లు మమ్మల్ని భయపెడతారు, కోపం తెప్పిస్తారు, మేం తెలియకుండానే అపాయింట్‌మెంట్లు వాయిదా వేయడం మొదలుపెడతాం. నేను వేశాను. మా మీటింగ్‌లో ఒకావిడ పట్టుకుని అడిగేదాకా నాకు తెలియలేదు.

మీరు వెళ్లినచోట అడగండి: ఎన్నాళ్లు? దేని మీద ముందు పనిచేస్తారు? రాత్రి పరిస్థితి చేయి దాటితే మేం ఏం చేయాలి? మీకు కష్టమైతే మీరు ఎవరిని అడుగుతారు? చివరి ప్రశ్నకు ముఖం చిట్లిస్తే ఇంకోచోటు చూసుకోండి.

ఏడాది డీబీటీ దొరకడం లేదని ఆగిపోవద్దు. 2022లో మెక్‌మెయిన్ వాళ్లే 240 మందితో ఆరు నెలల డీబీటీని ఏడాది డీబీటీతో పోల్చారు. స్వీయహాని విషయంలో ఆరు నెలలది తీసిపోలేదు. అలాగే 2015లో లైనహన్ తన థెరపీనే ముక్కలు చేసి చూశారు, 99 మందితో. నైపుణ్యాల క్లాసు ఉన్న గుంపులు స్వీయహానిలో మెరుగ్గా ఉన్నాయి. పూర్తి ప్యాకేజీ లేని చోట ముందు ఆ క్లాసు ఉందేమో చూడండి.

#14 రాత్రి_డ్యూటీ

మందుల గురించి ఎవరూ అడగలేదు కానీ అడుగుతారు. ఈ జబ్బుకే అని చెప్పదగ్గ మందు లేదు. మూడ్ నిలకడకు లామోట్రిజిన్ వాడటం బాగా అలవాటైపోయింది. బ్రిటన్‌లో 276 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2018లో వచ్చింది: ఏడాది తర్వాత ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. పక్కన డిప్రెషన్ లాంటివి ఉంటే వాటికి మందు అవసరం కావచ్చు. మీ చెల్లి ఇప్పుడు వాడుతున్నవి మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌తో కూర్చుని లిస్టు తగ్గించమని అడగండి.

#15 గట్టిమాట

ఇంత చదువులు అక్కర్లేదు. అటెన్షన్ కోసం చేసేవి ఇవన్నీ. పట్టించుకోకపోతే వాటంతటవే పోతాయి.

#16 నిర్వాహకులు

గట్టిమాట గారూ, విభేదించండి, కించపరచకండి. మరోసారి ఇలా రాస్తే తీసేస్తాం. అందరికీ: హాని చేసుకునే పద్ధతుల వివరాలు ఇక్కడ రాయొద్దు. ఎవరికైనా ఇప్పుడే ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే చర్చలో రాసి జవాబు కోసం చూడొద్దు, అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి, పక్కనున్న మనిషిని లేపండి.

#17 నాలుగో_మెట్టు

గట్టిమాట గారికి కోపంతో కాదు, సమాచారంగా. నేను చేసుకున్నవాటిలో ఎక్కువ భాగం తలుపు గడియ వేసుకుని చేసుకున్నవే. రెండేళ్లు ఎండలోనూ పొడుగు చేతుల చొక్కాలే వేసుకున్నాను. అటెన్షన్ కోరుకునేవాళ్లు అలా చేయరు. లైనహన్ కూడా తన సొంత గతం గురించి, టీనేజీలో ఆసుపత్రిలో గడిపిన రోజుల గురించి, 2011 దాకా బయటికి చెప్పలేదు.

#18 సందేహాల_పుట్ట

ఈ పోస్టుకు నా దగ్గర సందేహం లేదు.

#19 వానచినుకు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. పాతకుర్చీ గారి నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని రెండు చోట్లకు వెళ్లాం. మొదటిచోట చివరి ప్రశ్నకు "నాకు కష్టం కాదు" అన్నారు. రెండోచోట ఆవిడ నవ్వి, తమకు గురువారం మీటింగ్ ఉంటుందని, అక్కడ తిట్లు కూడా తింటానని చెప్పింది. పేరుకు పూర్తి డీబీటీ కాదు, నైపుణ్యాల క్లాసు, వారానికో సెషన్, ఆరు నెలలు. చేర్చాం.

నాన్నకు బిందె సంగతి చెప్పాను. "మరి నీళ్లు ఎవరు నింపారు?" అన్నారు. నేనేం జవాబు చెప్పలేకపోయాను.

ఈ చర్చ మొత్తం చెల్లి చదివింది. నాలుగో_మెట్టు గారిని ఒకటి అడగమంది: ఆ కార్డు నింపబుద్ధి కాని రోజుల్లో ఏం చేసేవారు?

#20 నాలుగో_మెట్టు

మొదటి నెల అసలు నింపలేదని చెప్పండి. మా థెరపిస్ట్ తిట్టలేదు, వదిలేయనూ లేదు. పెన్ను చేతికిచ్చి ఎదురుగా కూర్చునేవారు. సెషన్ మొదటి పావుగంట మాటల్లేకుండా దానికే పోయేది. నాకు మాట్లాడాలని ఎంత ఆత్రంగా ఉన్నా సరే, ముందు గడులు. ఐదో వారం నుంచి ఇంటి దగ్గరే నింపుకుని వెళ్లాను, ఆ పావుగంట పోతోందన్న కక్షతో.